మూసీల చేప మళ్ల బతకాలంటే

ఎల్బీ నగర్ పక్కన చైతన్యపురి, నాగోల్ మీదుగా పోయే మూసీని ఇయ్యాల అందరం మురికి కాల్వ అంటున్నం. నది కాల్వ ఎట్లయిందో కొంచెం చరిత్ర చూద్దాం.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది ప్రాణాలు పోయినయి. నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన చూపిన దారిలోనే పైన మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయినయి. పట్నానికి వరద ముప్పు తగ్గింది, తాగునీళ్లు దొరికినయి. కానీ గేట్లు ఎత్తిన రోజులు తప్ప మంచినీళ్లు కిందికి రావడం తగ్గింది. పట్నం పెరిగినకొద్దీ ఆ ఖాళీ నదిలోకి మురుగునీళ్లు చేరినయి.

మురుగు కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్ అయిపోతది. మొప్పలతోనే ఊపిరి తీసుకునే చేపలు ముందుగా పోతయి. మన రాష్ట్ర చేప కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటది కాబట్టి కొంత ఓర్చుకుంటది. కానీ అది గుడ్లు పెట్టేది ఒడ్డు దగ్గర, గడ్డి ఉన్న లోతులేని నీళ్లలో. ఒడ్డంతా సిమెంటు గోడ కడితే ఆ జాగ ఉండదు.

2024లో మూసీ ప్రక్షాళన కోసమని చైతన్యపురి, కొత్తపేట వైపు ఇండ్లకు గుర్తులు వేస్తే జనం రోడ్డెక్కిన్రు. నది బాగుపడాలె, నిజమే. నా లెక్కన వరుస ఇట్ల ఉండాలె: ముందు మురుగును శుద్ధి చేసినంకనే నదిలోకి వదలాలె. ఏడాదంతా పైనుంచి కొన్ని మంచినీళ్లు రావాలె. ఒడ్డు కొంతైనా మట్టితో, గడ్డితో మిగలాలె. ఇల్లు తీయక తప్పకుంటే ఆ కుటుంబానికి ముందే నీడ చూపియ్యాలె. చేపపిల్లలు వదిలేది ఆ తర్వాతే. అట్లయితే కింద వల మీద బతికే గంగపుత్రులకు, ముదిరాజులకు, మూసీ నీళ్లతో వరి పండించే రైతులకు మేలు.