ఏ4, లీగల్, ఏ3: మీ ప్రింటర్‌లో ఏ సైజు పేపర్ పడుతుంది?

హైదరాబాద్: మెట్రోలో అమీర్‌పేట్ దాటి రాయదుర్గం వైపు వెళ్తే వచ్చే మొదటి స్టేషన్ మధురానగర్. దీనికి ఒక పక్క అమీర్‌పేట్ కోచింగ్ సెంటర్లు, ఇంకో పక్క సినిమా పనివాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణానగర్. హాల్ టికెట్, అద్దె అగ్రిమెంట్, వీసా కాగితం, సినిమా స్క్రిప్ట్ అన్నీ ఇక్కడి జిరాక్స్ షాపులకే వస్తాయి. ఇప్పుడు చాలా ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో సొంత ప్రింటర్లు కూడా ఉన్నాయి. అయితే పేజీ కింది లైన్ తెగిపోవడం, పేపర్ ఇరుక్కోవడం మామూలే. చాలాసార్లు తప్పు మిషన్‌ది కాదు, సైజుది.

అసలు హద్దు వెడల్పు

ఏ4 అంటే 210×297 మిల్లీమీటర్లు. అమెరికాలో వాడే లెటర్ సైజు 216×279. లీగల్ సైజు 216×356. లెటర్, లీగల్ రెండింటి వెడల్పూ ఒకటే, పొడవే తేడా. అందుకే మామూలు ఏ4 లేజర్ ప్రింటర్ 216 మి.మీ. వెడల్పు, 356 మి.మీ. పొడవు వరకు తీసుకునేలా తయారవుతుంది. ఏ3 వెడల్పు 297 మి.మీ. కాబట్టి సెట్టింగ్ ఎంత మార్చినా అందులో పట్టదు. లోపలి డ్రమ్, రోలర్లే అంత వెడల్పు ఉండవు.

పొడవు విషయంలో ఇంక్ ప్రింటర్లు కొంచెం నయం. కొన్ని ఇంక్ ట్యాంక్ మోడళ్లు 1200 మి.మీ. పొడవు వరకు ప్రింట్ ఇస్తాయి. మరీ చిన్న పేపర్‌తో కూడా ఇబ్బందే. ఒక రోలర్ వదిలేలోపు ఇంకో రోలర్ పట్టుకోవాలి, లేదంటే కాగితం మధ్యలోనే ఆగిపోతుంది.

అంచు, మందం

లేజర్ ప్రింటర్ నాలుగు వైపులా సుమారు 4 మి.మీ. ఖాళీ వదిలేస్తుంది. అంచు దాకా రంగు రావాలంటే బోర్డర్‌లెస్ సౌకర్యం ఉన్న ఇంక్ ప్రింటర్ కావాలి. లేదంటే పెద్ద కాగితం మీద వేసి కోసుకోవాలి.

మందాన్ని జీఎస్ఎంలో కొలుస్తారు. అంటే ఒక చదరపు మీటర్ కాగితం ఎన్ని గ్రాములుందో చెప్పే లెక్క. మామూలు జిరాక్స్ పేపర్ 70 నుంచి 80 జీఎస్ఎం. ఇంటి లేజర్ ప్రింటర్లు చాలావరకు 160 జీఎస్ఎం దగ్గరే ఆగిపోతాయి. శాదీ కార్డుల అట్ట అంతకంటే చాలా మందం. ఆ పని ఛత్తా బజార్ ప్రెస్సులకు ఇవ్వడమే మేలు. సినిమా వాల్‌పోస్టర్ల సంగతి కూడా అంతే. ఆఫ్‌సెట్ ప్రెస్సులో డబుల్ క్రౌన్ షీటే 20×30 అంగుళాలు ఉంటుంది. పెద్ద పోస్టర్లు షీట్లు కలిపి అతికించేవే.

ఎక్కడ తేడా వస్తుంది?

వీసా, అడ్మిషన్ కాగితాలు: అమెరికా నుంచి వచ్చే ఫైళ్లు ఎక్కువగా లెటర్ సైజులో ఉంటాయి. లెటర్ కంటే ఏ4 పొడవు 18 మి.మీ. ఎక్కువ, వెడల్పు 6 మి.మీ. తక్కువ. కాబట్టి లెటర్ ఫైల్‌ను ఏ4 మీద అసలు సైజులోనే వేస్తే పక్క అంచులు తెగొచ్చు. ఏ4 ఫైల్‌ను లెటర్ అనుకుని ప్రింట్ ఇస్తే కింద పేజీ నంబర్, సంతకం లైన్ పోవచ్చు.

స్టాంప్ పేపర్: ఇది ఏ4 కంటే పొడవు. ప్రింటర్‌కు ఏ4 అని చెప్పి దీన్ని పెడితే, కాగితం అనుకున్న టైంకు బయటకు రాలేదని సెన్సర్ 'జామ్' చూపిస్తుంది. స్కేలుతో కొలిచి కస్టమ్ సైజ్ ఇవ్వాలి. పైన ముద్ర ఉన్నంత మేర ఖాళీ వదలాలి. ముందు అదే సైజు తెల్ల కాగితం మీద ట్రయల్ వేస్తే స్టాంప్ పేపర్ పాడవదు.

కోర్టు కాగితాలు: ఒకప్పుడు అంతా లీగల్ సైజే. సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 1 నుంచి ఏ4కు మారింది. కనీసం 75 జీఎస్ఎం కాగితం, రెండు వైపులా ప్రింట్, కుడి ఎడమల 4 సెం.మీ., పైన కింద 2 సెం.మీ. మార్జిన్ ఉండాలని చెప్పింది. మిగతా కోర్టుల్లో వేసేముందు అక్కడి రూల్ వకీలును అడగాలి.

ఉర్దూ పత్రాలు: ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి బైండింగ్ కుడివైపు వస్తుంది. ఎక్కువ మార్జిన్ అటే వదలాలి. లేదంటే కుట్టులో లైన్ల మొదటి అక్షరాలు మునిగిపోతాయి.

ఏ3 కావాలంటే

ఏ సిరీస్ కాగితాల పొడవు, వెడల్పుల నిష్పత్తి ఎప్పుడూ ఒకటే. ఏ3ని సగానికి మడిస్తే ఏ4, దాన్ని మడిస్తే ఏ5. 1922లో జర్మనీ తెచ్చిన పద్ధతి ఇది. ఆ తర్వాత ఐఎస్ఓ 216 పేరుతో ప్రపంచ ప్రమాణమైంది. అందుకే జిరాక్స్‌లో ఏ3ని ఏ4 చేయాలంటే 71 శాతం, ఏ4ని ఏ3 చేయాలంటే 141 శాతం పెడితే చాలు, ఏమీ తెగదు. ఇంట్లో ఏ4 ప్రింటరే ఉంటే 'పోస్టర్' ఆప్షన్‌తో రెండు పేజీలుగా తీసి అతికించుకోవచ్చు.

ప్రింట్ నొక్కే ముందు

సైజు మూడు చోట్ల ఒకటే ఉండాలి: ఫైల్ పేజీ సెటప్‌లో, ప్రింట్ ఆప్షన్లలో, ట్రేలో. ట్రే పక్క గైడ్లు కాగితాన్ని ఆనుకుని ఉండాలి. 'ఫిట్ టు పేజ్' పెడితే ఏమీ తెగదు, కానీ అచ్చు చిన్నదవుతుంది. ఏ4 ఫైల్ లెటర్ మీద పట్టాలంటే దాదాపు 94 శాతానికి తగ్గాలి. పాస్‌పోర్ట్ ఫొటో, ఆధార్ కార్డు లాంటి కొలత ముఖ్యమైన వాటికి '100 శాతం' లేదా 'యాక్చువల్ సైజ్' పెట్టాలి. ఎక్కువ కాపీలు తీసేటప్పుడు ముందు ఒక్క పేజీ వేసి చివరి లైన్ వచ్చిందో లేదో చూసుకోవాలి. షాపులో ఇచ్చే ఫైల్ పీడీఎఫ్‌లో ఉంటే అక్కడి కంప్యూటర్‌లో పేజీలు జరిగిపోవు, ఫాంట్లు సరిగా కలిసి ఉంటే ఉర్దూ, తెలుగు అక్షరాలూ చెదరవు.