ఫ్యూజు కాపాడేది వైరుని, మనిషిని కాదు



చలికాలం వచ్చిందంటే ఇప్పుడు మన ఊళ్లలో కూడా గీజర్లు కొంటున్నాం. ఏ కంపెనీదో, ఎన్ని లీటర్లదో పదిసార్లు అడుగుతాం. దానికి వేసే వైరు ఎంత, వెనకాల కాపలా ఏముంది అని మాత్రం అడగం. ఆ కాపలా వస్తువులు ఎందుకు పుట్టాయో తెలిస్తే, ఏది కావాలో మీరే చెప్పగలరు.

మొదట పుట్టింది ఫ్యూజు. లోడు ఎక్కువైతే వైర్లు కాలి ఇళ్లు అంటుకుంటాయి. అందుకని మధ్యలో ముందుగా కరిగిపోయే సన్నతీగ పెట్టారు. 1890లో ఎడిసన్ దీని మీద అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. కానీ కరిగిన ప్రతిసారీ మార్చాలి కదా! అక్కడి జనం విసుగొచ్చి ఫ్యూజు వెనక రాగి నాణెం పెట్టేవాళ్లు. మనం స్టార్టర్ డబ్బాలో రాగి పోచలు చుడతాం. దేశం ఏదైనా బుద్ధి ఒక్కటే.

ఆ విసుగుకి మందు 1924లో జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి వచ్చింది. హ్యూగో స్టోట్జ్ సంస్థ ఎంసీబీకి పేటెంటు పొందింది. లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా అదే పడిపోతుంది. సరిచేశాక లేపితే చాలు.

అయితే అసలు సంగతి ఇక్కడుంది. ఈ రెండూ చూసేది వైరు వేడినే. 16 ఆంపియర్ల ఎంసీబీ 16 దాటితేనే కదులుతుంది. మనిషి ప్రాణం తీయడానికి 0.1 ఆంపియరు చాలు. అంటే మనిషి పోతున్నా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

బ్రెజిల్ సంగతి చూడండి. అక్కడ చాలా ఇళ్లలో గీజరు ట్యాంకు ఉండదు. షవర్ తలలోనే కాయిల్ ఉంటుంది, నీళ్లు దాన్ని తాకుతూ వేడెక్కి నెత్తిన పడతాయి. 5,500 వాట్ల షవరు 220 వోల్టుల మీద 25 ఆంపియర్లు లాగుతుంది. దానికి విడిగా లావు వైరు, విడిగా బ్రేకరు కావాల్సిందే. అవున్నా సరే, లీకైన కరెంటు తడి ఒంటి మీదుగా పోతే ఆపేదెవరు?

ఆ పని చేసేది ఆర్‌సీసీబీ. 1950లలో దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో ఇలాంటి కాపలా పెట్టారు. 1961లో కాలిఫోర్నియా ప్రొఫెసర్ చార్లెస్ డాల్జీల్, షాక్ మనిషిని ఏం చేస్తుందో ఏళ్లపాటు పరిశోధించి, ఇళ్లకు పనికొచ్చే పరికరం తెచ్చాడు. ఇది పనిచేసే తీరు మన కాలవ లెక్కే. తూము దగ్గర వదిలిన నీళ్లు చివర చేరకపోతే ఎక్కడో గండి పడినట్టు. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే, 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే, కనురెప్పపాటులో ఆపేస్తుంది.

ఇక మన గీజరు. 3 కిలోవాట్లదైతే 230 వోల్టుల మీద 13 ఆంపియర్లు. మేస్త్రీని ఇవి అడగండి:

• బోర్డు నుంచి గీజరుకి విడిగా 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. దూరం ఎక్కువైతే 4.
• 16 ఆంపియర్ల ఎంసీబీ. మాటిమాటికీ పడుతోందని 32 వేయకండి, అప్పుడు వైరే ఫ్యూజు అవుతుంది.
• 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఇది లోడు చూడదు, కాబట్టి ఎంసీబీకి బదులు కాదు, దానికి తోడు.
• మంచి ఎర్తింగ్. ఎర్తింగ్ ఉంటే లీకు మొదలవగానే ఆర్‌సీసీబీ పడుతుంది. లేకపోతే మనం ముట్టుకున్నాకే పడుతుంది.

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి. పడకపోతే ఎన్ని వేలు పెట్టి కొన్నా అది ఉత్త డబ్బా, వెంటనే మార్పించండి. పొలంలో మోటారు దగ్గర రాగి పోచలు చుట్టేముందు కూడా, ఆ డబ్బా రాత్రిపూట తడి చేతులతో ముట్టుకునేది మీ కొడుకే అని ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.