కండరంలో దాగిన లింఫోమా: ఎంఆర్ఐ పరీక్ష పరిణామం

లింఫోమా ప్రధానంగా లింఫ్ గ్రంథులకు వచ్చే క్యాన్సర్. లండన్‌లోని గైస్ ఆసుపత్రికి చెందిన థామస్ హాడ్జ్‌కిన్ 1832లో ఈ గ్రంథుల, ప్లీహపు వాపును శవపరీక్షల ఆధారంగా వర్ణించారు. 1865లో శామ్యూల్ విల్క్స్ ఆ జబ్బుకు హాడ్జ్‌కిన్ పేరే పెట్టారు. లింఫోమా కండరంలోనే మొదలవడం చాలా అరుదు. వేరేచోట నుంచి పాకడమే ఎక్కువ. అందుకే తొడలోనో పిరుదులోనో గట్టి వాపు కనిపిస్తే సార్కోమా (కండరం, కొవ్వు వంటి కణజాలంలో పుట్టే క్యాన్సర్) అనో, చీము గడ్డ అనో, రక్తనాళంలో గడ్డకట్టిన రక్తమనో అనుకోవడం సహజం.

చాలాకాలం వైద్యులకు ఎక్స్‌రే ఒక్కటే దిక్కు. అందులో ఎముక స్పష్టంగా కనిపించినా, కండరమూ కణితీ ఒకే ఛాయలో కలిసిపోతాయి. 1971లో తొలిసారి రోగిపై వాడిన సీటీ స్కాన్ శరీరాన్ని పొరలుపొరలుగా చూపింది. అయితే లింఫోమా సాంద్రత కండరానికి దగ్గరగా ఉండటంతో, తరచు కండరం ఉబ్బినట్టు తెలిసేదే తప్ప కణితి హద్దు తెలిసేది కాదు.

ఈ లోటును తీర్చిన ఎంఆర్ఐకి మూలం 1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ ద్రవ, ఘన పదార్థాల్లో వేర్వేరుగా గుర్తించిన అయస్కాంత అనునాదం. 1971లో రేమండ్ డమాడియన్ ఈ అనునాదంలో ఎలుకల కణితుల్లోని నీరు ఇచ్చే సంకేతం ఆరోగ్యకర కణజాలంలో కన్నా నెమ్మదిగా సద్దుమణుగుతుందని చూపారు. 1973లో పాల్ లాటర్‌బర్ ఆ సంకేతాలతో చిత్రాన్ని నిర్మించారు. సంకేతాన్ని కొలిస్తే చాలు, క్యాన్సర్ తేలిపోతుందన్న తొలి ఆశ మాత్రం నెరవేరలేదు. వాపులోనూ, చీములోనూ సంకేతం అలాగే మారుతుంది.

1980లలో ఎంఆర్ఐ యంత్రాలు ఆసుపత్రులకు చేరాక, 1990లలో కండర లింఫోమా చిత్రాల వర్ణనలు వైద్య పత్రికల్లో వచ్చాయి. ఎంఆర్ఐ తీసే చిత్రాల్లో టీ1, టీ2 అనేవి రెండు రకాలు. టీ1 చిత్రంలో కణితి దాదాపు కండరం రంగులోనే ఉంటుంది. టీ2లో కండరం కన్నా తెల్లగా, చాలాసార్లు అంతటా ఒకే తీరుగా కనిపిస్తుంది. అసలు ఆనవాలు అది పాకే తీరులో ఉంది: కండరపు పోగుల వెంట నిలువునా సాగుతుంది, ఒక కండరాల అర నుంచి పక్క అరలోకి దాటుతుంది, నరాలనూ రక్తనాళాలనూ చుట్టేస్తుంది, చర్మం కింది కొవ్వులోకి చారలుగా చొచ్చుకుపోతుంది. సార్కోమా సాధారణంగా ఒక అరలోనే ముద్దగా పెరుగుతుంది. పెద్దదైతే లోపల కుళ్లిన భాగాలూ, రక్తస్రావమూ కనిపిస్తాయి.

తర్వాత నీటి అణువుల కదలికను కొలిచే డిఫ్యూజన్ పద్ధతి తోడైంది. 1980ల మధ్యలో డెనీ లె బిహాన్ దీనికి దారి చూపారు. లింఫోమా కణాలు ఒకదానికొకటి ఒత్తుకుని ఉండటం వల్ల మధ్యలో నీటికి కదిలే చోటు తగ్గుతుంది. ఆ తగ్గుదలను యంత్రం పట్టుకుంటుంది.

సార్కోమాకూ లింఫోమాకూ మధ్య తేడా తెలియడం రోగికి ఎంతో ముఖ్యం. సార్కోమాకు ప్రధాన చికిత్స శస్త్రచికిత్స. లింఫోమాకు కీమోథెరపీ, అవసరమైతే రేడియేషన్. కండర లింఫోమాల్లో ఎక్కువగా ఉండే బి-కణ రకానికి 1997లో అమెరికాలో అనుమతి పొందిన రిటుక్సిమాబ్ అనే మందు కూడా తోడైంది. చిత్రం చూసి లింఫోమాను అనుమానిస్తే అనవసరమైన పెద్ద కోత తప్పుతుంది. పరీక్షకు కణితి ముక్క తీయడానికి సూది ఎక్కడ గుచ్చాలో కూడా ఎంఆర్ఐ చెబుతుంది. అయినా అది అనుమానం వరకే. నేటికీ జబ్బును నిర్ధారించేది అలా తీసిన ముక్కను పరీక్షించే బయాప్సీయే.