ఎగిరేవాడికి చోటు చెప్పినవాడు

మా కోనసీమలో సుందరకాండ పారాయణం చేసుకొనే ఇళ్ళు ఎన్నో. ఆపద వచ్చినప్పుడు మొదట చేతికి వచ్చే పుస్తకం అదే. ఆలోచిస్తే ఆ కాండ యావత్తూ ఒక అన్వేషణ కథ. సముద్రం మీదుగా ఎగిరి, ఒక ద్వీపం చేరి, కనిపించకుండా పోయిన మనిషిని చోటు చోటునా వెదికి, ఆనవాలుతో తిరిగి వచ్చినవాడి కథ. ఆయనకు గుడి లేని ఊరు మన దేశంలో అరుదు. అది న్యాయమే. అయితే కిష్కింధాకాండ చివర కనిపించే మరొక పాత్రను మనం అంతగా తలచుకోము. ఆయన సంపాతి.

సూర్యుని తాపం నుండి తమ్ముడు జటాయువును కాపాడబోయి రెక్కలు కాల్చుకొన్న వృద్ధ గృధ్రరాజు ఆయన. ఎగరలేడు. తన తిండి తాను తెచ్చుకోలేడు. వానరులు గడువు మీరి, వెదికి వేసారి, దక్షిణ సముద్రపు ఒడ్డున ప్రాయోపవేశానికి కూర్చొన్న సమయంలో, నూరు యోజనాల అవతల లంకలో సీత ఉన్నదని చెప్పినవాడు ఆయనే. ఆ మాట లేకపోయినా హనుమంతునికి ఎగిరే శక్తి ఉండేది. ఎటు ఎగరాలో మాత్రం తెలిసేది కాదు.

సముద్రంలో తప్పిపోయినవారిని ఆకాశం నుండి వెదికే పనిలో ఒడ్డున ఉండిపోయే మనుషుల పాలు ఎంత అన్నదే ఈ టపాలో నేను చెప్పదలచుకొన్న విషయం. ముందు ఒక దూరదేశపు ఉదాహరణ చెప్పి, తరువాత మన గోదావరి మొగలకు వస్తాను.

ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ నడుమ సముద్రంలో ఛానల్ దీవులని ఉన్నాయి. వాటిలో పెద్దవి జెర్సీ, గెర్న్సీ. అన్ని దీవుల జనమూ కలిపినా రెండు లక్షలు దాటరు. పెద్ద పోటుపాటులూ, పొగమంచూ, నీటి అడుగున రాళ్ళూ గల సముద్రం అది. 1980లో అక్కడివారు ఛానల్ ఐలాండ్స్ ఎయిర్ సెర్చ్ పేర ఒక సేవాసంస్థను పెట్టుకొన్నారు. గెర్న్సీ కేంద్రంగా ఒక చిన్న విమానం; దాన్ని నడిపేవారూ, కిటికీల దగ్గర కూర్చొని నీళ్ళను పరికించేవారూ స్వచ్ఛంద సేవకులు. పిలుపు వస్తే చేతిలో పని వదిలి పరుగెత్తేవారు. విమానం పేరు కూడా ఐలాండరే, అంటే ద్వీపవాసి. ఆ రకం విమానానికి రెక్కలు పైభాగాన ఉంటాయి గనుక కిందికి చూసే కంటికి అడ్డు రావు. నెమ్మదిగా ఎగరగలదు. వెదికే పనికి ఆ రెండు గుణాలూ ముఖ్యం.

ఆ సంస్థ ప్రజల విరాళాల మీద బతికింది. ఒక ఏడాదిలో పిలుపులు ఎన్ని వచ్చినా, అసలు రాకపోయినా, ఇంధనం, మరమ్మతులు, బీమా, శిక్షణ ఖర్చులు మాత్రం ఆగవు. ఎగిరేవారు కొద్దిమంది. వారిని ఎగరనిచ్చేవారు వేలమంది. 2013 నవంబరు 3న గాలింపుకు బయలుదేరిన ఆ విమానం ఇంజన్లు ఆగిపోయి జెర్సీలో అత్యవసరంగా నేల దిగింది. విమానం దెబ్బతిన్నది, లోపలివారు క్షేమంగా బయటపడ్డారు. సంస్థ అంతటితో మూతపడలేదు. మరొక ఐలాండర్ విమానాన్ని సమకూర్చుకొన్నది.

ఈ అలవాటు అక్కడ పాతదే. సముద్రంలో ప్రాణరక్షణకు పడవలు నడిపే రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ సంస్థ బ్రిటనులో 1824లో పుట్టింది. దానికి ఆద్యుడైన విలియం హిలరీ ఐల్ ఆఫ్ మాన్ అనే ద్వీపంలో నివసించినవాడు. రెండు వందల ఏళ్ళు దాటినా ప్రధానంగా విరాళాలతోనే అది నడుస్తున్నది. చుట్టూ నీళ్ళున్న చోట నివసించేవాడికి, నేడు పక్కవాడికి వచ్చిన ఆపద రేపు తనకూ రావచ్చునని వేరే చెప్పనక్కరలేదు కదా.

కోనసీమ కూడా ఒక విధంగా ద్వీపమే. గౌతమికీ వసిష్ఠకూ నడుమ చిక్కి, మధ్యలో వైనతేయ చీల్చగా మిగిలిన నేల మాది. మూడు వైపుల నదులు, నాలుగో వైపు సముద్రం. అంతర్వేది దగ్గర వసిష్ఠ, ఓడలరేవు దగ్గర వైనతేయ, భైరవపాలెం వైపు గౌతమి సముద్రంలో కలుస్తాయి. కొబ్బరితోటలు చూసి మురిసి వెళ్ళే యాత్రికునికి కనబడనిది ఆ మొగల దగ్గరి బతుకు. చీకటితో పడవ తోసుకొని వెళ్ళి, ఎప్పుడు తిరిగి వస్తారో గాలీ వలా నిర్ణయించే బతుకు.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి, దీపావళికి నాలుగు రోజుల ముందు, తుఫాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. విస్తారంలో అది చిన్న తుఫాను. ఉద్ధృతిలో చాలా పెద్దది. ఒక్క రాత్రిలో కోనసీమ కొబ్బరి నేలకూలింది. బలుసుతిప్ప, భైరవపాలెం వంటి గౌతమి మొగలోని మత్స్యకార గ్రామాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. అధికారిక లెక్కల్లోనే మృతులు దాదాపు వెయ్యిమంది. గల్లంతైనవారు అంతకు మించి ఉన్నారు. ఈ రెండో అంకె నివేదిక నివేదికకూ మారింది. సముద్రంలో చిక్కినవారి కోసం నౌకాదళం ఓడలూ హెలికాప్టర్లూ తిరిగాయి.

నేనప్పుడు ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పాఠం చెబుతున్నాను. బడులు తెరిచాక పిల్లలతో కలిసి డబ్బా పట్టుకొని చందాలు పోగు చేశాము. బియ్యం ఇచ్చినవారు, చీరలు ఇచ్చినవారు, కూలిన చెట్ల కాయలే అమ్మి డబ్బు ఇచ్చినవారు ఉన్నారు. తీరం వైపు వెళ్ళినప్పుడు విన్న ఒక మాట నాకు నేటికీ చెవిలో ఉన్నది. పడవ మీద ఎందరు వెళ్ళారని అడిగితే ఒకరు ఏడుగురన్నారు, మరొకరు తొమ్మిదిమంది అన్నారు. పొరుగూరి నుండి కూలికి వచ్చినవాడు ఎక్కాడో లేదో ఎవరికీ తెలియదు. చేతిఫోన్లు లేని కాలం. ఎటు వెళ్ళారని అడిగితే తూర్పుకు చేయి చూపించారు. తూర్పున ఉన్నది బంగాళాఖాతం మొత్తం.

గల్లంతు అనే మాటకు అసలు అర్థం కల్లోలం, గందరగోళం. పత్రికల పుణ్యమా అని తప్పిపోవడమనే అర్థం స్థిరపడింది. ఆ పల్లెలు చూశాక ఆ అర్థపరిణామం నాకు సహజమనే తోచింది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడు ప్రశ్నలకూ జవాబు లేని గందరగోళంలోనే మనిషి రెండోసారి మునిగిపోతాడు.

ఆకాశం నుండి వెదకడం ఎలా జరుగుతుందో తెలిస్తే ఈ మాట మరింత స్పష్టమవుతుంది. విమానం సముద్రం మీద ఇష్టం వచ్చినట్టు తిరగదు. తప్పిపోయిన పడవ ఆఖరుసారి ఉన్న చోటును పటం మీద గుర్తించి, గాలీ ప్రవాహమూ దాన్ని ఎటు తోసి ఉంటాయో లెక్క కట్టి, ఆ మేర నాగలి చాళ్ళు తోలినట్టు వరుసగా అటూ ఇటూ ఎగురుతారు. చాలుకూ చాలుకూ ఎడం ఎక్కువైతే మనిషి కంటికి ఆనడు. తక్కువైతే కాలం చాలదు.

పిల్లలకు చెప్పినట్టే లెక్క చెబుతాను. గంటకు 2 కిలోమీటర్లు కొట్టుకుపోయే పడవ ఎటు పోయిందో తెలియదనుకోండి. 5 గంటల తరువాత అది 10 కిలోమీటర్ల వృత్తంలో ఎక్కడైనా ఉండవచ్చు. ఆ వృత్తం వైశాల్యం 314 చదరపు కిలోమీటర్లు. 10 గంటలకు 1,256. ఒక పగలూ రాత్రీ గడిచేసరికి 7,200కు పైమాట. కోనసీమ జిల్లా మొత్తం సుమారు 2,000 చదరపు కిలోమీటర్లు. అంటే ఒక్క రోజు ఆలస్యం మూడు కోనసీమలకు మించిన నీటిలో ఒక పడవను వెదకమంటుంది. బయలుదేరిన చోటే సరిగా తెలియకపోతే ఈ లెక్కకు మొదలే ఉండదు. తెల్లని నురగల నడుమ తెల్లరంగు పడవ, అలల మీద ఒక తల, వెయ్యి అడుగుల ఎత్తు నుండి ఎంత కనబడతాయో ఊహించండి.

మన దేశంలో ఈ బాధ్యత ప్రభుత్వానిది. 1978 చట్టంతో రూపుదిద్దుకొన్న తీరరక్షక దళం, అంటే కోస్ట్ గార్డు, సముద్రంలో గాలింపు రక్షణ పనులను సమన్వయం చేస్తుంది. దానికి డోర్నియర్ విమానాలున్నాయి, హెలికాప్టర్లున్నాయి. మన తీరం చెన్నైలోని సమన్వయ కేంద్రం కిందికి వస్తుంది. 1554 అన్న ఉచిత ఫోన్ నంబరు రేయింబవళ్ళు పనిచేస్తుంది. ఆపదలో మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా పడవ ఉన్న చోటును కేంద్రానికి చేరవేసే పరికరాన్ని ఇస్రో తయారు చేసింది. 2010 నుండి అది వాడుకలో ఉన్నది. కాబట్టి ఛానల్ దీవులవారిలా మనం చందాలు వేసుకొని విమానం కొనవలసిన అగత్యం లేదు.

అయినా విమానాలు సర్వసమర్థాలు కావు. 2016 జులై 22న చెన్నై తాంబరం నుండి పోర్టుబ్లెయిరుకు బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానం 29 మందితో బంగాళాఖాతంలో అదృశ్యమైంది. వారిలో 8 మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధాగార ఉద్యోగులు. ఓడలూ విమానాలూ వారాల తరబడి గాలించినా జాడ లేదు. ఏడున్నర ఏళ్ళకు, 2024 జనవరిలో, సముద్రగర్భంలో 3,400 మీటర్ల లోతున తీసిన చిత్రాలలో ఆ శకలాలు గుర్తుపట్టారు.

ఒడ్డువారి మాటకు ఎంత విలువ ఉన్నదో 2017 చివర ఓఖీ తుఫాను చూపించింది. కేరళ, కన్యాకుమారి తీరాల జాలరులు వందల సంఖ్యలో కనబడకుండా పోయారు. తమవారు ఏ వైపు వేటకు పోతారో తమకే తెలుసునని మత్స్యకారులు పట్టుబట్టారు. కొందరు సొంత పడవల మీద వెదకబోయారు. గాలింపు ఓడల మీద మత్స్యకారులనూ ఎక్కించుకొని తీసుకుపోయారు. ఆధునిక నౌకకు దారి చెప్పడానికి ఒక జాలరి నిలబడిన దృశ్యం నాకు సంపాతినే గుర్తు చేసింది.

మరి మన తీరం ఏమి ఇవ్వగలదు? దానానికి కోనసీమ ఎన్నడూ వెనుకాడలేదు. తెలుగునాడు మొత్తానికీ ఆ గుణమున్నది. 1977 నవంబరు 19న ఉప్పెన కృష్ణా జిల్లా దివిసీమను ముంచెత్తినప్పుడు రామారావు, నాగేశ్వరరావు వంటి నటులే వీధుల్లో తిరిగి విరాళాలు అడిగారు. జనం వెల్లువలా ఇచ్చారు. కాని అవి విపత్తు తరువాత ఇచ్చినవి. శవం దొరికినవాడి ఇంటికి అవి అన్నం పెట్టగలవు. దొరకనివాడిని వెదకలేవు.

శవం దొరకకపోతే కష్టం రెట్టింపు. ఏడేళ్ళు కబురు లేకపోతే గాని మనిషి చనిపోయినట్టు చట్టం భావించదు. ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వు ఇస్తేనే ఆ లోపల సాయం అందుతుంది. అప్పుడు కూడా, ఆ మనిషి ఆ పడవ ఎక్కాడని రుజువు కావాలి. కర్మ చేయాలా వద్దా, బొట్టు ఉంచాలా తీయాలా అని తేలని ఇల్లాలి ఏడేళ్ళు ఎలా గడుస్తాయో ఏ నివేదికా రాయదు.

ముందుగా ఇచ్చే దానానికి కూడా మా సీమలోనే గురువు ఉన్నది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు, 1909లో పరమపదించేవరకు, ఏ వేళ ఎవరు ఆకలితో వచ్చినా అన్నం పెట్టారు. గోదావరి దాటి వచ్చే బాటసారి అర్ధరాత్రి తలుపు తట్టవచ్చు. అందుకే ఆ ఇంట పొయ్యి సిద్ధంగా ఉండేది. అతిథి వచ్చాక చందా పోగుచేసి బియ్యం కొన్న దానం కాదది. ఛానల్ దీవులవారు పిలుపు రాకముందే విమానం సిద్ధం చేసి ఉంచినది ఈ ధర్మంతోనే. పొయ్యి ఆరనివ్వని ధర్మమది.

మన తీరానికి ఆ పొయ్యి ఒక పుస్తకం కావచ్చు. బడిలో హాజరు పట్టీ ఉన్నట్టే ప్రతి రేవులోనూ ఒక పట్టీ. పడవ సంఖ్య, రంగు, సరంగు పేరు, కళాసీల పేర్లు, వెళ్ళిన దిక్కు, తిరిగి రావలసిన వేళ. చెప్పిన వేళకు రాకపోతే ఎవరు 1554కు ఫోన్ చేయాలో ముందే నిర్ణయించిన ఒక మనిషి. ఊరి విరాళంతో పడవకొక నారింజరంగు గుడ్డ, మనిషికొక తేలే చొక్కా, పరికరాల బ్యాటరీల తనిఖీ. చదువుకొన్న యువకులు ఇద్దరు, నావలా నేనూ వంటి విశ్రాంత ఉద్యోగులు ఇద్దరు వంతులు వేసుకొంటే సాగే పని ఇది. ముప్ఫయి ఏళ్ళకు పైగా హాజరు వేసిన అనుభవంతో చెబుతున్నాను: పేరు పిలిచే అలవాటు ఉన్న చోట, పలకని పేరు వెంటనే తెలుస్తుంది.

మిత్రులారా, మీలో తీరప్రాంతాల వారుంటే మీ ఊళ్ళలో ఇటువంటి ఏర్పాటు ఎక్కడైనా నడుస్తున్నదేమో తెలియజేయండి. 1977నూ 1996నూ కళ్ళారా చూసిన పెద్దలు మీ ఇళ్ళలో ఉంటే, ఆ పడవలు ఏవో, వాటిపై వెళ్ళినవారు ఎవరో వారిచేత చెప్పించి రాసి పెట్టండి. సంపాతి వయసు వారు వాళ్ళు. వాళ్ళకు మాత్రమే తెలిసిన పేర్లు ఇంకా ఎన్నో ఉన్నాయి.