చెంపలో షాక్ కొట్టే నొప్పి, మూతి వంకర: ఎంఆర్ఐ ఎవరికి అవసరం?

మెదడు నుంచి కళ్లు, ముఖం, చెవులు, నాలుక, గొంతు వంటి భాగాలకు 12 జతల నాడులు వెళ్తాయి. వీటినే కపాల నాడులు అంటారు. ఈ సన్నని నాడులను చూడటానికి సీటీ స్కాన్ కన్నా ఎంఆర్ఐ మేలు. అయితే అందరికీ అది అక్కర్లేదు.

చెంప నొప్పి (5వ నాడి): పళ్లు తోముకున్నా, అన్నం నమిలినా, గాలి తగిలినా ఒక పక్క కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి వస్తుంది. పంటి నొప్పి అనుకుని పళ్లు పీకించుకునేవాళ్లూ ఉన్నారు. పన్ను పోయినా నొప్పి పోదు! ఇది ట్రైజెమినల్ న్యూరాల్జియా కావచ్చు. నాడిని రక్తనాళం ఒత్తుతోందా, గడ్డ ఏమైనా ఉందా అన్నది ఎంఆర్ఐలో చూస్తారు.

మూతి వంకర (7వ నాడి): మన ఇళ్లలో లఖ్వా అంటుంటారు. ఒక్కసారిగా ముఖం ఒక పక్క పడిపోతే చాలావరకు అది బెల్స్ పాల్సీ. డాక్టర్ పరీక్షించే గుర్తుపడతారు, మామూలుగా స్కాన్ అవసరం ఉండదు. స్టెరాయిడ్ మందు 72 గంటల్లోపు మొదలుపెట్టడం ముఖ్యం. తైలాలు, మర్దనలంటూ ఆ సమయం పోగొట్టుకోవద్దు. 3 నెలలైనా తగ్గకపోయినా, మెల్లమెల్లగా పెరుగుతున్నా, అదే పక్క మళ్లీ వచ్చినా ఎంఆర్ఐ చేయించాలి. చెయ్యి, కాలు బలహీనపడినా, మాట తడబడినా పక్షవాతం కావచ్చు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

వినికిడి (8వ నాడి): ఒక్క చెవే వినిపించడం తగ్గి, అందులోనే హోరు ఉంటే ముందు వినికిడి పరీక్ష, తర్వాత ఎంఆర్ఐ. నాడిపై మెల్లగా పెరిగే, క్యాన్సర్ కాని గడ్డ దీనితో బయటపడుతుంది.

చూపు (3, 4, 6 నాడులు): వస్తువులు రెండుగా కనిపించడానికి షుగర్ కూడా కారణం కావచ్చు. కానీ తీవ్రమైన తలనొప్పితో రెప్ప వాలి, కంటిపాప పెద్దదైతే అది ప్రాణాపాయం. ఆలస్యం చేయొద్దు.

స్కాన్‌కు ముందు: నగలు, హిజాబ్ పిన్నులు, లోహపు తావీజు తీసేయాలి. పేస్‌మేకర్, పాత ఆపరేషన్ క్లిప్పులు, గర్భం, కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పాలి. ఏ పక్క, ఏ లక్షణం అన్నది చీటీలో రాయించుకోండి. ఆ నాడి కోసం పలుచని ముక్కలుగా ఫొటోలు తీయాలి. మామూలు మెదడు స్కాన్‌లో చిన్న తేడా తప్పిపోవచ్చు.

రిపోర్టు నార్మల్ అని వస్తే నొప్పి అబద్ధమని కాదు. స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినా వైద్యం ఉంటుంది. న్యూరాలజిస్టును కలవడం మానొద్దు.