మన పేరు మనం చెబితేనే ఓటు

మన దేశంలో ఆడవాళ్ళకు ఓటు ఒక్కరోజులో రాలేదు. తెలుగు జిల్లాలు చాలావరకు అప్పటి మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అక్కడ 1921లో ఆడవాళ్ళకు ఓటు ఇచ్చారు గానీ, అది ఆస్తి ఉన్నవాళ్ళకే. 1935 చట్టంతో ఇంకొంతమందికి వచ్చింది. అందులోనూ చాలామందికి భర్త ఆస్తిని బట్టి దక్కిన ఓటే. కూలికి పోయే ఆడమనిషిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం ఈ షరతులన్నీ తీసేసింది. ఆస్తి లేకపోయినా, చదువు రాకపోయినా, 21 ఏళ్ళు నిండితే ఓటు ఉంటుందని చెప్పింది. మొదటి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా జరిగాయి. జాబితాలో సుమారు 17 కోట్ల 30 లక్షల మంది ఎక్కారు. అందులో ఆడవాళ్ళు దాదాపు 8 కోట్లు.

ఆ జాబితా రాసేటప్పుడే ఒక చిక్కు వచ్చిపడింది. కొన్ని రాష్ట్రాల్లో, ఇంటింటికీ వచ్చిన ఉద్యోగులకు చాలామంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. పరాయి మగవాడికి పేరు చెప్పడం అక్కడి ఆచారం కాదు. 'ఫలానా వారి భార్య', 'ఫలానా వాడి తల్లి' అనే రాయించారు. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ దీనికి ఒప్పుకోలేదు. ఓటరుకు సొంత పేరు ఉండాల్సిందే అన్నారు. పేర్లు సరిచేసుకోవడానికి బీహారులో ఒక నెల గడువు కూడా ఇచ్చారు. అయినా చివరికి దేశంలో దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళను జాబితాలోంచి తీసేయాల్సి వచ్చింది. వాళ్ళలో ఎక్కువమంది బీహారు, ఉత్తరప్రదేశ్, మధ్యభారత్, రాజస్థాన్, వింధ్యప్రదేశ్ వాళ్ళు. హక్కు ఉంది, వయసు ఉంది, పేరు లేక ఓటు పోయింది.

ఈ సంగతి మనకు బాగా అర్థమవుతుంది. సంఘంలో చేరిన రోజు మనం మొదట చేసిన పని మన పేరు మనం చెప్పడమే కదా! మినిట్స్ పుస్తకంలో, బ్యాంకు పాస్‌బుక్‌లో ఉన్నది మన పేరే.

1989 నుంచి ఓటు వయసు 18 ఏళ్ళు. ఇప్పుడు 'ఫలానా వారి భార్య' అని ఎవరూ రాయరు. అయినా మన పేర్లు వేరే దారుల్లో జారిపోతున్నాయి. పెళ్ళయి అత్తగారి ఊరు వచ్చిన కోడలి పేరు పుట్టింటి జాబితాలోనే ఉండిపోతుంది. ఇంటిపేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా పడుతుంది. చేతిలో ఓటరు కార్డు ఉన్నా, జాబితాలో పేరు లేకపోతే ఓటు వేయనివ్వరు.

కొత్తగా పేరు ఎక్కించడానికి ఫారం 6, ఊరు మారినా తప్పు దిద్దాలన్నా ఫారం 8 ఇవ్వాలి. మన పోలింగ్ కేంద్రం బీఎల్‌ఓ దగ్గర అడగవచ్చు, 1950 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 18 నిండే పిల్లలకు ఏడాదిలో నాలుగు తేదీలు లెక్క: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళవే. కానీ సర్పంచిగా నిలబడాలన్నా, ముందు ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరు ఉండాలి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే కుదరకపోవచ్చు. అందుకే ప్రతి సంఘం ఒక మీటింగులో పొదుపు లెక్క అయ్యాక, జాబితా తెచ్చుకుని అందరి పేర్లూ పైకి చదివించుకోవాలి. అత్తల పేర్లు, కోడళ్ళ పేర్లు, కూతుళ్ళ పేర్లు అన్నీ. ఎవరి పేరు వినపడకపోతే వాళ్ళ ఫారం ఆ రోజే నింపాలి.