కుక్కవామింట: ఆవాల ఇంటి చుట్టం

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే దారిలో వానలు పడ్డాక బీడుల్లోనూ, రోడ్ల పక్కనా ఓ మొక్క మొలుస్తుంది. పసుపు పూలు, నాలుగేసి రేకులు, ముట్టుకుంటే జిగురు, ఘాటైన వాసన. సన్నటి కాయల్లో ఆవాల్లాంటి చిన్న గింజలు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని వైల్డ్ మస్టర్డ్ అన్నారు, మనవాళ్ళు కుక్కవామింట అన్నారు. తెల్లపూల వామింట దీని తోబుట్టువు.

మొక్క పేరు ముందు 'కుక్క' తగిలించారంటే పోలిక ఉంది గానీ అసలుది కాదని అర్థం, కుక్కతులసి లాగా. మన భాషలో చెప్పాలంటే బేస్ క్లాసు ఒకటే, సబ్ క్లాసులు వేరు. ఈ డిజైను చేసింది ఏ ప్రొఫెసరూ కాదండీ, పశువులు కాసుకునేవాళ్ళూ కలుపు తీసేవాళ్ళూ.

ఇక శాస్త్రవేత్తల సంగతి చూడండి. 1753లో లిన్నేయస్ రెండింటినీ క్లియోమ్ అనే ఒకే ప్రజాతిలో పెట్టాడు. 1824లో డీ కాండోల్ తెల్లపూల వామింట కోసం గైనాండ్రాప్సిస్ అని వేరే ప్రజాతి కట్టాడు. కుటుంబం విషయంలోనూ గొడవే. చాలాకాలం కేపర్ల కుటుంబంలో ఉన్నాయి. 1998లో డీఎన్ఏ ఆధారాలతో వచ్చిన ఏపీజీ వర్గీకరణ వీటిని ఆవాల కుటుంబంలో మెర్జ్ చేసేసింది. 2009లో వచ్చిన మూడో వెర్షన్ మళ్ళీ బ్రాంచ్ తీసి క్లియోమేసీ అని పేరు పెట్టింది. అంటే మన కుక్కవామింట ఓ పదకొండేళ్ళు అధికారికంగా ఆవాల ఇంటిమనిషి, ఇప్పుడు దగ్గరి చుట్టం.

పేర్ల గోలతో మనకేం పని అంటారా? పని ఉంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మన డెల్టాలో కాలవ పారినంత మేరా వరి పరుచుకుంది. వరికి ఒక ఇబ్బంది ఉంది. పదో క్లాసులో బట్టీపట్టిన కిరణజన్య సంయోగక్రియ గుర్తుందా? అందులో రూబిస్కో అనే ఎంజైము కార్బన్ డయాక్సైడుకి బదులు అప్పుడప్పుడు ఆక్సిజన్ పట్టేసుకుంటుంది. వేడి పెరిగేకొద్దీ ఈ బగ్ ఎక్కువవుతుంది. వరిది ఈ పాత పద్ధతే, పేరు సీ3. జొన్న, మొక్కజొన్న, చెరకు దీనికి ప్యాచ్ వేసుకున్నాయి. కార్బన్ డయాక్సైడుని ముందు ఒక రకం కణాల్లో పట్టి, పక్క కణాల్లో ఉన్న రూబిస్కో చుట్టూ పోగేస్తాయి. అది సీ4.

అసలు తమాషా ఇక్కడుంది. కుక్కవామింట సీ3, వామింట సీ4! ఒకే గట్టు మీద మొలిచే తోబుట్టువుల్లో ఒకదానికి ప్యాచ్ ఉంది, రెండోదానికి లేదు. పైగా ఈ కుటుంబం అరబిడాప్సిస్‌కి దగ్గర. అది ఆవాల కుటుంబంలోని ఓ చిన్న అడవి మొక్క, 2000లో మొదటగా పూర్తి జీనోము చదివిన మొక్క అదే. దాని మీద తయారైన పరికరాలు ఇక్కడ పనికొస్తాయి. అందుకే 2005లో కేంబ్రిడ్జి పరిశోధకులు సీ4 రహస్యం వెతకడానికి క్లియోమ్ మంచి మొక్క అని ప్రతిపాదించారు. వరిని సీ4గా మార్చే అంతర్జాతీయ ప్రాజెక్టు 2008లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో మొదలైంది. వామింట జీనోము 2023లో ప్రచురితమైంది. సీ4 వరి మాత్రం ఇంకా రైతు చేతికి రాలేదు, అది తేలికైన రీఫాక్టరింగ్ కాదు.

గఢ్వాల్‌లో కుక్కవామింట గింజల్ని జఖ్యా అంటారు, ఆవాలకి మల్లే పోపులో వేస్తారు. కెన్యాలో వామింట ఆకు ఇష్టంగా వండుకునే కూర. మన దగ్గర రెండూ కలుపే.

1859లో వాల్టర్ ఇలియట్ అనే తెల్లదొర ఉత్తర సర్కారుల మొక్కల తెలుగు పేర్లన్నీ 'ఫ్లోరా ఆంధ్రికా'గా అచ్చువేశాడు. ఏలూరూ ఆ సర్కారుల్లోదే. ఆ పేర్లు ఆయనకి చెప్పింది మనవాళ్ళే. ఇవాళ కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన ఇంజినీర్లం ఎంతమందిమి వామింటనీ కుక్కవామింటనీ చూసి పోల్చగలం? కలుపుమందు కొడితే మొక్క మళ్ళీ ఎక్కడో మొలుస్తుంది, పేరు మొలవదు. తాడేపల్లిగూడెం పక్కనే వెంకటరామన్నగూడెంలో 2007 నుంచీ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఇలాంటి గింజలూ, వాటి ఊరి పేర్లూ కలిపి దాచడానికి అంతకంటే మంచి చోటేముంది? బ్యాకప్ లేకుండా డిలీట్ కొట్టకూడదని మనకి ఇంకొకరు చెప్పాలా!